తూనికకు అందని లెక్క

ఆడపిల్ల మొదటిసారి రజస్వల కావటాన్ని చెప్పటానికి తెలుగువారికి మాటల కరువు లేదు. పెద్దమనిషి అయింది అంటారు, ఈడేరింది అంటారు, సమర్తాడింది అంటారు, పుష్పవతి అయింది అంటారు. చాప వేసి కూర్చోబెడతారు, నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచుతారు, మేనమామకు కబురు పెడతారు, పేరంటాండ్రను పిలుస్తారు. ఉద్యోగాల కోసం ఢిల్లీ చేరి రెండు తరాలు గడిచిన కుటుంబాలలో సైతం ఈ వేడుక ఏదో ఒక రూపంలో నిలిచే ఉన్నది.

కాని అదే పిల్లకు మూడేళ్ల తరువాత వరుసగా మూడు నెలలు ముట్టు రాకపోతే, ఆ సంగతి చెప్పటానికి అదే భాషలో తగిన మాట దొరకదు. “నెల తప్పింది” అన్న మాట ఉన్నది గాని, తెలుగునాట దానికి ఒకటే అర్థం. పెళ్లికాని పిల్ల విషయంలో ఆ మాటను నాలుక మీదికి తెచ్చుకోవటానికే తల్లి జంకుతుంది. పేరు పెట్టి చెప్పుకోలేని ఇబ్బందిని వైద్యుని వద్దకు తీసుకుపోవటం ఎవరికైనా కష్టమే. చివరకు ఆ తడబాటంతా కంటికి కనిపించే ఒక్క విషయం మీదికి మళ్లుతుంది. అది ఒంటి బరువు. “లావయింది, అందుకే” అంటారు, లేదా “చిక్కిపోయింది, అందుకే” అంటారు.

ఈ రెండు మాటలలోనూ నిజం కొంత ఉన్నది. ఆ కొంచెం నిజమే చాలా ఇళ్లలో ఆడపిల్లలను దారి తప్పిస్తున్నది.

ఒకే ఇంట ఇద్దరు పిల్లలు

ఢిల్లీ నైరుతి కొసన ఉన్న ద్వారకలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. నోయిడాలోనో, గురుగ్రామ్‌లోనో, రామకృష్ణపురం ప్రభుత్వ క్వార్టర్లలోనో ఇటువంటి ఇల్లు ఉండనే ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే భవనంలో పై అంతస్తులో ఒకరు, కింది అంతస్తులో ఒకరు ఉంటున్నారు. పెద్దవాని కూతురికి 16 ఏళ్లు, చిన్నవాని కూతురికి 15.

పెద్దపిల్ల బొద్దుగా ఉంటుంది. తెల్లవారకముందే లేచి బడికి పోతుంది. బడి విడువగానే కోచింగు సెంటరు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఆటకు వేళ లేదు. వేళ దొరికినా, దీపావళి దాటిన తరువాత ఢిల్లీని కమ్ముకొనే పొగలో పిల్లలను బయటికి పంపటానికి తల్లిదండ్రులు భయపడతారు. ఆకలి వేసినప్పుడు కోచింగు సెంటరు ఎదుట దొరికేవి మోమోలు, ఛోలే భటూరే. గడచిన ఏడాదిలో ఆమెకు నాలుగుసార్లే నెలసరి వచ్చింది. గడ్డం కింద ముదురు వెంట్రుకలు మొలుస్తున్నాయి. మొటిమలు ఎంతకూ తగ్గటం లేదు. మెడ వెనుక చర్మం నల్లబడి మందమయింది. అది మురికి అనుకొని తల్లి ఆదివారం ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దుతున్నది.

చిన్నపిల్ల సన్నగా ఉంటుంది. ఏడాది కిందట అంత సన్నం కాదు. ఒక పెళ్లిలో ఎవరో చుట్టాలామె నవ్వుతూ, “ఇదీ అక్క పోలికే వస్తున్నదే!” అన్నది. ఆనాటి నుంచి ఆ పిల్ల రాత్రిపూట అన్నం మానింది. టిఫిను డబ్బాలోది తోటివారికి పంచి ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చింది. ఉదయం పార్కు చుట్టూ పరుగు ప్రారంభించింది. ఎనిమిది నెలలలో తొమ్మిది కిలోలు తగ్గింది. చూసినవారందరూ మెచ్చుకున్నారు. అయిదు నెలలుగా ఆమెకు నెలసరి లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నెలనెలా పడే అవస్థ తప్పింది గదా అని లోలోపల సంతోషించింది కూడా.

రాజమండ్రి నుంచి నాయనమ్మ వచ్చింది. ఒకనాటి సాయంకాలం చిక్కుడుకాయలు ఒలుస్తూ కోడళ్లను అడిగింది.

“పెద్దదానికి ఈ నెలైనా వచ్చిందా?”

“లేదు అత్తయ్యా. లావు తగ్గితే అదే వస్తుందిట. రేపటి నుంచి దానికి రాత్రి భోజనం మాన్పించేస్తున్నాను” అన్నది పెద్దకోడలు.

“మరి చిన్నదానికో?”

“దానికేమి అత్తయ్యా! చక్కగా సన్నబడింది” అన్నది చిన్నకోడలు.

“సన్నబడిందిలే అమ్మా, నాకూ కనిపిస్తున్నది. ముట్టయి ఎన్నాళ్లయిందీ అని అడుగుతున్నాను.”

చిన్నకోడలు చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టింది. ఆమెకు తెలియదు. “పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటారు గదా” అని పెద్దకోడలు మాట తప్పించబోయింది. ముసలావిడ ఒప్పుకోలేదు. “పెళ్లి మందు కాదే అమ్మా. ఇద్దరినీ డాక్టరమ్మకు చూపించండి” అన్నది.

తల్లులిద్దరూ బిడ్డ బరువును చూశారు. తేదీ అడిగినది నాయనమ్మ ఒక్కతే. వైద్యశాస్త్రం అడిగేదీ ఆ ప్రశ్నే.

ఒంటిలోని జమాఖర్చు

బరువుకూ నెలసరికీ సంబంధం ఉన్నదని లోకానికి చాలాకాలంగా తెలుసు. రెండవ ప్రపంచయుద్ధంలో 1941 మొదలు 1944 వరకు లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మను సేనలు ముట్టడించినప్పుడు, 1944–45 చలికాలంలో హాలెండులో కరువు వచ్చినప్పుడు, అనేకమంది స్త్రీలకు ఋతుస్రావం ఆగిపోయింది. తిండి దొరికిన తరువాత మళ్లీ మొదలయింది.

దీనికి ఒక లెక్క కట్టటానికి ప్రయత్నించినవారు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజ్ ఫ్రిష్. తన సహచరుడు రోజర్ రెవెల్‌తో కలిసి 1970లో ఆమె ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఆడపిల్లలు రజస్వలలయ్యే వయస్సు ముందువెనుకలైనా, ఆనాటి సగటు బరువు మాత్రం ఇంచుమించు 47 కిలోల దగ్గరే ఉంటున్నదని ఆమె గమనించారు. 1974లో జానెట్ మెకార్థర్‌తో కలిసి ఆ మాటను కొంత మార్చారు. ముఖ్యం బరువు కాదు, ఒంటిలోని క్రొవ్వు అన్నారు. ముట్టు మొదలు కావటానికి దేహంలో 17 శాతం, క్రమంగా సాగటానికి 22 శాతం క్రొవ్వు కావాలన్నారు.

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ అంకెలను యథాతథంగా ఒప్పుకోలేదు. 40 కిలోల పిల్లకు నెలనెలా క్రమంగా రావచ్చు, 60 కిలోల పిల్లకు ఆగిపోవచ్చు. అయితే ఫ్రిష్ చూపిన దారి మాత్రం తప్పు కాలేదు. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును కనుగొన్నది. క్రొవ్వు కణాలే దానిని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. ఒంట్లో నిలవ ఎంత ఉన్నదో మెదడుకు చెప్పే వార్తాహరుల్లో అది ఒకటి.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న కేంద్రం ఉన్నది. అది ఇంచుమించు గంటకో, గంటన్నరకో ఒకమారు పీయూషగ్రంథికి సంకేతం పంపుతుంది. పీయూషగ్రంథి అండాశయాలకు ఆజ్ఞ ఇస్తుంది. అండం పక్వం కావటం, విడుదల కావటం, గర్భం నిలవకపోతే రెండు వారాల తరువాత ముట్టు రావటం, అన్నీ ఆ సంకేతాల లయ మీద ఆధారపడినవే. ఆహారం ద్వారా వచ్చే శక్తి చాలనప్పుడు హైపోథాలమస్ ఆ లయను మందగింపజేస్తుంది. గుండె ఆడాలి, ఊపిరి సాగాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఈ ఖర్చులను తగ్గించటానికి వీలు లేదు. సంతానానికి సంబంధించిన పని మాత్రం వాయిదా వేయవచ్చు. దేహం ఆ పనే చేస్తుంది.

అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో ఆన్ లౌక్స్ 2003లో ప్రకటించిన పరిశోధన దీనిని తేటతెల్లం చేసింది. నెలసరి క్రమంగా ఉన్న యువతులకు ఆమె అయిదు రోజుల పాటు తిండినీ వ్యాయామాన్నీ కొలిచి ఇచ్చారు. వ్యాయామానికి పోగా మిగిలే శక్తి, క్రొవ్వు మినహా ఒంటి బరువులో కిలోకు రోజుకు 30 కిలోకేలరీల కంటె తగ్గినప్పుడు పీయూషగ్రంథి సంకేతాల లయ చెదిరింది. ఆ మార్పుకు అయిదు రోజులే చాలాయి.

ఇక్కడ గ్రహించవలసినది ఇది: దేహం లెక్కించేది మొత్తం బరువును కాదు, రాబడినీ పోబడినీ. కనుకనే చూడటానికి ఆరోగ్యంగా, ఒక్కొక్కప్పుడు బొద్దుగా ఉన్న పిల్లకు కూడా కఠినమైన పథ్యం మొదలుపెట్టిన కొద్ది నెలలకే ముట్టు ఆగిపోవచ్చు. ద్వారక ఇంటిలోని చిన్నపిల్లకు జరిగినది ఇదే.

ఆగిపోతే నష్టమేమి అని ఆ పిల్ల అనుకోవచ్చు. నష్టం ఎముకలలో ఉన్నది. ఆడపిల్ల జీవితం మొత్తానికి కావలసిన ఎముక బలంలో ఇంచుమించు 90 శాతం 18 ఏళ్ల లోపుననే కూడుతుంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను ఆ కూడికకు అవసరం. ముట్టు ఆగిన నెలలలో ఆ హార్మోను పడిపోతుంది. కూడవలసిన సొమ్ము కూడదు. 15 ఏళ్ల వయస్సులో కలిగిన ఈ లోటు 50 దాటిన తరువాత తుంటి విరిగినప్పుడు బయటపడవచ్చు. ఇటువంటి పిల్లకు మాత్రలతో నెలసరి “తెప్పించినంత” మాత్రాన ఈ లోటు తీరదు. కేవలం ముట్టు రప్పించటానికో, ఎముకల కోసమో గర్భనిరోధక మాత్రలు వాడవద్దని, ముందు తిండిని, శ్రమను, మనసును సరిచేయాలని 2017లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ వైద్యులకు సూచించింది.

రెండవ కొస

పెద్దపిల్ల సంగతి వేరు. ఆమె ఒంటిలో లోటు లేదు; మిగులు చిక్కు తెచ్చింది. క్రొవ్వు పెరిగినప్పుడు, అందులోనూ నడుము చుట్టూ పెరిగినప్పుడు, ఇన్సులిన్ పని మందగిస్తుంది. దానిని సరిచేయటానికి దేహం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. అధికమైన ఇన్సులిన్ అండాశయాలను పురికొల్పి పురుష హార్మోనులను ఎక్కువ చేస్తుంది. ఆ హార్మోనుల వల్లనే మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు. ఆ కలవరం వల్లనే అండం నెలనెలా విడుదల కాకపోవటం. మెడ వెనుక నలుపు కూడా అధికమైన ఇన్సులిన్ వేసిన గుర్తే. అది సున్నిపిండికి పోయే మురికి కాదు.

ఈ స్థితిని 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో గుర్తించి వర్ణించారు. ఇప్పుడు దానిని పి.సి.ఓ.ఎస్. అంటున్నారు. ఆ పేరు ఇవాళ కాలేజీ అమ్మాయిలందరికీ తెలుసు. కాని రెండు సంగతులు అంతగా తెలియవు. మొదటిది, ఇది లావైనవారికే వచ్చేది కాదు. సన్నటివారిలోనూ ఉంటుంది, వంశంలోనూ దిగుతుంది. కనుక “తిని తెచ్చుకున్నది” అని పిల్లను నిందించటం అన్యాయం. రెండవది, చిన్న వయస్సులో దీనిని తేల్చటం సులభం కాదు. రజస్వల అయిన తొలి సంవత్సరాలలో ఆరోగ్యవంతురాలైన పిల్ల అండాశయాలు కూడా స్కానింగులో నీటిబుడగలతో నిండినట్లే కనిపించవచ్చు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 మొదలు 18 ఏళ్ల వరకు వయస్సు గల 460 మంది బాలికలను పరీక్షించి, నూటికి 9 మందికి ఈ స్థితి ఉన్నదన్నారు. ఆ లెక్కలో స్కానింగుకు పెద్ద పాత్ర ఉన్నది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం నాయకత్వాన 2018లో వెలువడి, 2023లో సవరింపబడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇప్పుడు వేరే మాట చెబుతున్నాయి. రజస్వల అయి 8 ఏళ్లు గడవనిదే స్కానింగును ఆధారంగా తీసుకోరాదు. నెలసరి తప్పటం, పురుష హార్మోను లక్షణాలు, ఈ రెండూ కలిసి ఉన్నప్పుడే కౌమారంలో ఆ పేరు పెట్టాలి. ఒక్కటే ఉంటే, ముప్పు ఉన్నదని గమనిస్తూ ఉండాలి.

పెద్దకోడలు విన్న మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. బరువు బాగా ఎక్కువగా ఉన్నవారిలో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి ముట్టు క్రమపడుతుంది. కాని రాత్రి భోజనం మాన్పించటం దానికి మార్గం కాదు. ఇంట్లో తినని పిల్ల మరునాడు కోచింగు సెంటరు ఎదుట రెండింతలు తింటుంది. లేదా, తిట్లు భరించలేక తిండి మీదనే పగబట్టి చెల్లెలి దారి పడుతుంది. రోజూ ఒక గంట ఆటో నడకో, వేళకు భోజనం, తగినంత నిద్ర, అవసరమైతే వైద్యులిచ్చే మందు. ఇవి ఇంటిల్లిపాదీ పాటించవలసినవి. పిల్ల ఒక్కతెకు వేసే శిక్షలు కావు.

నూరు గ్రాములు

ఢిల్లీ ఒక్క నగరం కాదు. దాని చుట్టూ రాజధాని ప్రాంతమని పిలిచే హర్యానా జిల్లాలు ఉన్నాయి. రోహ్‌తక్, సోనీపత్, భివానీ ప్రాంతాలలో నేడు అనేకమంది బాలికలు కుస్తీ పట్టుకొని పెరుగుతున్నారు. రోహ్‌తక్ అమ్మాయి సాక్షీ మలిక్ 2016లో రియో ఒలింపిక్స్‌లో 58 కిలోల తరగతిలో కంచుపతకం గెలిచి, కుస్తీలో ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. అక్కడ బరువు అందచందాల మాట కాదు. ఆటలో ప్రవేశానికి టిక్కెట్టు.

2024 ఆగస్టు 7న పారిస్‌లో వినేశ్ ఫోగట్‌కు జరిగినది దేశమంతా చూసింది. 50 కిలోల తరగతిలో ఫైనలు చేరిన ఆమె ఆ ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగింది. రాత్రంతా ఒళ్లు ఆరబెట్టుకొన్నా, జుట్టు కత్తిరించినా లాభం లేకపోయింది. పోటీ నుంచి తొలగించారు. క్రీడా న్యాయస్థానంలో ఆమె పక్షాన వినిపించిన వాదనలలో ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. తాగిన నీటి వల్లగాని, నెలసరికి ముందు దశలో దేహం నీటిని పట్టి ఉంచటం వల్లగాని అంత తేడా రావచ్చునన్నది ఆ వాదన. న్యాయస్థానం ఆమె అర్జీని త్రోసిపుచ్చింది. నియమం నియమమే. కాని నెలసరికి ముందు స్త్రీ దేహం నీటితో బరువెక్కటం నిజమే. అదే రోజున, అదే నగరంలో, బరువులెత్తే పోటీలో మీరాబాయి చాను 199 కిలోలు ఎత్తి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒక్క కిలో తేడాతో కంచుపతకం పోయింది. అది తన నెలసరి మూడవ రోజని, కొంత నీరసంగా ఉన్నదని ఆమె తరువాత పత్రికలవారితో దాచకుండా చెప్పింది.

వారు అనుభవం గల క్రీడాకారిణులు. వెంట వైద్యులు ఉంటారు. తరగతి కోసం బరువు తగ్గించుకొనే 14 ఏళ్ల పిల్ల వెంట చాలాసార్లు కోచి తప్ప ఎవరూ ఉండరు. తిండి తగ్గటం, ముట్టు ఆగటం, ఎముక బలహీనపడటం, ఈ మూడూ ఒక గొలుసని క్రీడా వైద్యులు 1992లోనే గుర్తించారు. ఈ శక్తిలోటు గుండెను, రోగనిరోధక శక్తిని, మనసును కూడా తాకుతుందని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ప్రకటించింది. ఆటలో ఉన్న పిల్లకు ముట్టు ఆగితే “గట్టిగా సాధన చేస్తున్నదిలే” అని సంతోషించే కోచి ఇప్పటికైనా ఆ సంతోషాన్ని అనుమానించవలసి ఉన్నది.

దీనికి ఎదురుగా ఒక తెలుగు ఉదాహరణ ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరి 1994లోనూ 1995లోనూ 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె కంచుపతకం గెలిచినది 69 కిలోల తరగతిలో. మధ్యలో పెరిగిన బరువు ఆమెకు సిగ్గుపడవలసినది కాలేదు, సాధనంగా మారింది. 2021లో ఆమె ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతిగా నియమితురాలయింది.

ఏది సహజం, ఏది కాదు

రక్తపు పోటు, నాడి, జ్వరం చూసినట్లే బాలికలకు నెలసరి తేదీని కూడా ఆరోగ్య సూచికగా అడగాలని అమెరికా వైద్య సంఘాలు 2006 నుంచి చెబుతున్నాయి. అందుకు తల్లులు గుర్తుంచుకోదగిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

రజస్వల అయిన మొదటి సంవత్సరంలో ముట్టు అటూఇటూ కావటం సహజం. ఒక సంవత్సరం దాటి మూడేళ్ల వరకు, ఒక ముట్టు మొదటి రోజు నుంచి మరొక ముట్టు మొదటి రోజుకు 21 మొదలు 45 రోజుల వరకు వ్యవధి ఉండవచ్చు. మూడేళ్లు దాటితే 21 మొదలు 35 రోజులు. మొదటి సంవత్సరం గడిచాక ఎప్పుడైనా 90 రోజులు దాటినా, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా వైద్యులకు చూపించాలి. స్రావం ఏడు రోజులు మించినా, గంటగంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా అంతే. వైద్యురాలు థైరాయిడు, ప్రొలాక్టిన్ పరీక్షలు చేయించవచ్చు. అన్నిటికంటె ముందు గర్భపరీక్ష అడగవచ్చు. అది పిల్ల నడత మీద అనుమానం కాదు, వైద్య పద్ధతి. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఆసుపత్రి గడప తొక్కని తల్లులు ఉన్నారు.

బరువుకు కూడా పెద్దవారి కొలబద్ద పిల్లలకు పనికిరాదు. పొడుగును బట్టి బరువు చూసే లెక్కను 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త కెత్లే ప్రజాసమూహాల సగటు కోసం కల్పించాడు. ఒక్కొక్క మనిషికి తీర్పు చెప్పటానికి కాదు. పెరిగే పిల్లలకు వయస్సును బట్టి ఆ అంకె మారుతుంది. అందుకే భారత శిశువైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసం వేరే పట్టికలు తయారుచేసింది.

పిల్ల పళ్లెం, తల్లి పళ్లెం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో ఢిల్లీలో 15 మొదలు 49 ఏళ్ల వరకు వయస్సు గల స్త్రీలలో నూటికి 41 మంది అధిక బరువు కలవారు. అదే సర్వే దేశం మొత్తం మీద 15 మొదలు 19 ఏళ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నదని తేల్చింది. అధిక బరువుతో సతమతమయ్యే తల్లి ఇంటికంతటికీ పథ్యం పెడుతుంది. ఆ ఇంట్లోనే రక్తం చాలని కూతురు ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసులలో, కూర్చొని పనిచేసే వయోజన స్త్రీకి రోజుకు 1,660 కిలోకేలరీలు చాలునన్నది. 13 మొదలు 15 ఏళ్ల బాలికకు మాత్రం 2,400, ఆపైన 18 ఏళ్ల వరకు 2,500. ఇనుము 30 మొదలు 32 మిల్లీగ్రాములు. తల్లి పళ్లెం కూతురికి చాలదన్నమాట. గోంగూర, తోటకూర, కందిపప్పు, శనగలు, రాగులు, బెల్లంతో నువ్వులు, తినేవారికి గుడ్డు, మాంసం, వాటితో నిమ్మరసమో జామపండో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే తాగే టీ దానిని అడ్డగిస్తుంది. ప్రభుత్వ బడులలో వారానికి ఒకమారు ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర ఇందుకే. కడుపులో తిప్పుతుందని పిల్లలు దానిని పారవేయటం కద్దు. ఖాళీ కడుపుతో కాక భోజనమైన తరువాత వేసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

సమర్తనాడు పెట్టే చిమ్మిలి, ఎండుకొబ్బరి, సున్నుండలలో పూర్వులు ఈ అవసరాన్ని కొంత గుర్తించినట్లే ఉన్నది. ఆ పోషణ ఆ కొద్దిరోజులతో ముగిసిపోవటమే లోపం.

ద్వారక ఇంటివంటి ఇళ్లలో చేయవలసినది పెద్ద పనేమీ కాదు. తెలుగువారు ఏ రాష్ట్రంలో ఉన్నా వంటింటి గోడకు ఒక తెలుగు క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. దాని మీద పాల లెక్క ఉంటుంది, గ్యాసు బండ వచ్చిన తేదీ ఉంటుంది, ఏకాదశికి గుర్తు ఉంటుంది. కూతురు తన నోటుపుస్తకంలోనో, ఆ క్యాలెండరు మీదనో తన తేదీకి ఒక చుక్క పెట్టుకోవచ్చు. బరువు మిషను మీద పిల్లను వారం వారం నిలబెట్టే తల్లి, ఆ చుక్కలను నెలకు ఒకమారు చూస్తే చాలు. చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం పెరిగినప్పుడు, “ఎందుకు లావయ్యావు” అనిగాని, “ఎందుకు చిక్కావు” అనిగాని కాక, “అమ్మా, ఈ నెల రాలేదేమే? రేపు డాక్టరమ్మను చూసి వద్దాం” అనగలిగితే, ఇన్నాళ్లూ మన భాషలో లేని ఆ మాట ఆ ఇంటిలో పుట్టినట్లే.